ఏకీ, ఈకీ మధ్య బయ్యారం

కొలువుల నోటిఫికేషన్ వాసన తగిలిందో లేదో, బయ్యారం పోరగాళ్ల ఫోన్లన్నీ జంటలతో నిండిపోయాయి. పెళ్లి జంటలనుకునేరు. అడ్వైస్-అడ్వైజ్, అఫెక్ట్-ఎఫెక్ట్, ప్రిన్సిపల్-ప్రిన్సిపుల్. ఇవి బట్టీ పడితే కొలువు జేబులో పడ్డట్టేనని రీల్సులో సార్లు అరచేతిలో స్వర్గం చూపిస్తున్నారు.

వీటన్నిటికీ పట్టపురాణి స్టేషనరీ. మధ్యలో ‘ఏ’ పెడితే కదలక నిలబడ్డది, ‘ఈ’ పెడితే కాగితాలూ కలాలూ. తెలుగులో రాస్తే రెండూ ఒకటే కనక, ఆ మహాభేదం ఇక్కడ చూపించే అదృష్టం నాకు లేదు. గుర్తుపెట్టుకోవడానికి చిట్కా కూడా ఉంది: ‘ఈ’ అంటే ఎన్వలప్. పుట్టి బుద్ధెరిగాక ఒక్క కవరు అంటించని పిల్లకు ఎన్వలప్ గుర్తుకు రావాలట!

బుక్‌స్టాల్ బోర్డు మీద ‘ఈ’ బదులు ‘ఏ’ పడిందని పెన్ను కొనకుండా వెనక్కి మళ్లినవాణ్ని ఒక్కణ్ని చూపించండి. రేపు ఈ పిల్లలు కానిస్టేబుళ్లయితే, రోడ్డుకు అడ్డంగా ఆగిన లారీ ఏ స్టేషనరీయో తేల్చుకున్నాకే చలానా రాస్తారా? స్టేషన్‌కొచ్చిన ముసలమ్మ తన గోస ఏ స్పెల్లింగ్‌లో చెప్పుకోవాలి?

ప్రిన్సిపల్ చివర ‘పాల్’ ఉంది కాబట్టి ఆయన మీ దోస్తు అంటాడు ఇంకో సారు. ఏ కాలేజీలోనో పాపం.

నవ్వి ఊరుకుందామంటే కడుపు మండుతోంది. తండా పిల్లకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులుంటే 30 ఇంగ్లీషువే. అర మార్కుకు కొలువులు చేజారే చోట, ఆ పిల్ల ఒక పేరా చదివి అర్థం చేసుకోగలదా అని అడిగితే చాలదట. ఎక్కడ తడబడుతుందా అని ఒక్క అక్షరం అడ్డం పెట్టి చూస్తారు. పెన్ను కొనడానికి కూడా అడ్డురాని తప్పు అది. ఆ తప్పు పోగొడతామని, తల్లి మిర్చి ఏరిన కూలి డబ్బులు ఫీజుగా గుంజుతున్నారు. ఇది చదువు కాదు, దోపిడీ.

నిజంగా ఇంగ్లీషే పరీక్షించాలనుంటే 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు ఇవ్వండి. ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని అందులో ఉంది. మేం దాన్ని ‘పెట్టాలి’ అని చదువుకున్నాం. ఢిల్లీ ‘పరిశీలించాలి’ అని చదువుకుంది. ఆనక మా బయ్యారం ఇనుప ఖనిజంలో నాణ్యత లేదంది. 2016లో బయ్యారం మహబూబాబాద్ జిల్లాకు మారింది, షెడ్యూలులో మాత్రం ఖమ్మమే ఉండిపోయింది. మా ఊరి బతుకును మార్చిన ఈ ‘పెట్టాలి-పరిశీలించాలి’ జంట ఏ సారు పీడీఎఫ్‌లోనూ లేదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలారా, వచ్చే పరీక్షలో షెడ్యూలులోని ఆ వాక్యం ఇచ్చి, ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారో రాయమనండి. ఆరు నెలల గడువు 2014 డిసెంబరు 2తోనే తీరిపోయింది.