పూతరేకు పుటకెక్కిన విధానం (టీకా తాత్పర్య సహితం)

తే.గీ.
వార్త లేనట్టి వేళలో పంపు నోటు
ఖాళి పుటవారి కయ్యది కల్పవృక్ష
మగును, సంక్రాంతి సెలవులో మంత్రి యుండ
పూతరేకైన నెక్కును పుటశిరమున.

అవతారిక: షాపు తెరిచి, గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండి రాలిపోయినా పేపర్లో పేరు రాని వ్యాపారి ఒకడు కవిని ఆశ్రయించాడు. "అయ్యా, యాడ్ ఇద్దామంటే కాలమ్ సెంటీమీటరు రేటు విని కళ్లు తిరిగాయి. ఊరికే పడే ఉపాయం చెప్పండి" అన్నాడు. కవి గోడ మీది క్యాలెండరు వైపు చూసి ఆశువుగా చెప్పిన పద్యమిది. కర్త పేరు దొరకలేదు. డెస్కులో నైట్ షిఫ్టు చేసి చెడినవాడని మాత్రం పద్యంలోని దుఃఖాన్ని బట్టి తెలుస్తోంది.

ప్రతిపదార్థం: వార్త లేనట్టి వేళలో = అసెంబ్లీ లేక, హైకోర్టు సంక్రాంతి సెలవుల్లో ఉండి, కలెక్టరేటులో అర్జీల వరుస లేక, పార్టీ ఆఫీసులకు తాళాలు పడిన కాలమందు; పంపు = ఎవరూ అడగకుండానే వాట్సాప్‌లో తోయునట్టి; నోటు = ప్రెస్ నోటు; ఖాళి పుటవారికిన్ = జిల్లా డెస్కులోని సబ్ ఎడిటర్లకు; అయ్యది = ఆ నోటు; కల్పవృక్షము అగును = కోరకుండానే కోరిక తీర్చును; మంత్రి = మంత్రియు, ఆయన వెంట తిరుగు ఎమ్మెల్యేయు, వారిద్దరినీ తిట్టు ప్రతిపక్ష నాయకుడును; సంక్రాంతి సెలవులో ఉండన్ = సొంతూళ్లో అరిసెలు తినుచుండగా; పూతరేకైనన్ = ఊదితే ఎగిరిపోవు పలుచని వార్తయైనను; పుటశిరమునన్ = పేజీ పైభాగమందు, ఫోటోతో సహా; ఎక్కును.

తాత్పర్యం: పెద్దలు నోరు మూసుకున్న రోజున చిన్నవాడి మాట పేపర్లో పడుతుంది.

వ్యాఖ్య: "వార్త లేనట్టి వేళ" అన్నంత మాత్రాన లోకంలో ఏమీ జరగడం లేదని కాదు. పండగ మూడు రోజులూ జరిగేవన్నీ జరుగుతూనే ఉంటాయి. వాటి గురించి మైకు ముందు మాట్లాడేవాళ్లు ఊళ్లో ఉండరు, అంతే. మన వార్తల్లో సింహభాగం ఫలానావారు అన్నారు, ఫలానావారు ఖండించారు అనే కోవలోవి కాబట్టి, అనేవాళ్లూ ఖండించేవాళ్లూ బస్సెక్కి వెళ్లిపోతే పేజీ బోసిపోతుంది.

1930 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే సాయంత్రం బీబీసీ రేడియో ఈ రోజు వార్తలేమీ లేవని ఒక్క ముక్క చెప్పి, మిగిలిన సమయం పియానో వినిపించింది. పత్రికకు ఆ భాగ్యం లేదు, పియానోను అచ్చు వెయ్యలేం. పైగా 1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టడం, తక్కిన పత్రికలూ అదే బాట పట్టడంతో ఏ జిల్లాకు ఆ జిల్లా రోజూ నింపుకోవాల్సిన పుటలు పుట్టాయి. ఊళ్లో ఏమీ జరగలేదన్న సాకు అక్కడ చెల్లదు. ఖాళీ చూసి సబ్ ఎడిటరు మండల విలేకరికి ఫోను చేస్తాడు: "ఏమన్నా ఉందా?" ఆ ప్రశ్న వినిపించే పూట నోటు పంపమని కవి హృదయం.

దృష్టాంతం: 2023 సంక్రాంతికి భీమవరంలో ఒక ఇంట కొత్త అల్లుడికి 173 రకాలు వడ్డిస్తే ఆ కబురు దేశమంతా తిరిగింది. మార్చి నెలలో, బడ్జెట్ సమావేశాలు నడుస్తుండగా, అదే అల్లుడు అదే విస్తరి ముందు కూర్చుంటే లోపలి పేజీలో నాలుగు లైన్లు. అయితే సమయం ఒక్కటే పనిచెయ్యలేదు, అంకె కూడా పనిచేసింది. బోలెడు రకాలు అంటే ఎవరూ రాయరు, 173 అంటే రాస్తారు. తాపేశ్వరం వాళ్లకు ఈ రహస్యం ఏనాడో తెలుసు. 2016 సెప్టెంబరు 6న అక్కడ తయారై గిన్నిస్‌కెక్కిన లడ్డూ తూకం 29,465 కిలోలు. చాలా పెద్ద లడ్డూ అని ఊరుకుని ఉంటే గోదావరి దాటేది కాదు.

"నోటు" శబ్దంపై పూర్వపక్షం: నోటు అంటే కవరులో పెట్టి ఇచ్చేది అని కొందరు అర్థం చెబుతారు. 2009 ఎన్నికల్లో ఈ అర్థమే బాగా చలామణీ అయిందన్న ఫిర్యాదుల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వాళ్లిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గాని అది వెలుగు చూడలేదు. కాబట్టి ఆ అర్థం అసలు లేదనలేం, గ్రాహ్యం మాత్రం కాదు. డబ్బిచ్చి వేయించుకునేది యాడ్, దానికి రేటు కార్డుంది.

ఇక ప్రెస్ నోటు అన్న అర్థమే తీసుకున్నా అందులో రెండు జాతులున్నాయి. మొదటిది ఇలా ఉంటుంది: "పాత్రికేయ మిత్రులకు నమస్కారములు. మా నూతన షోరూము నందు నాణ్యమైన పూతరేకులు సరసమైన ధరలకు లభించునని తెలియజేయుటకు మిక్కిలి సంతోషించుచున్నాము." కింద యజమాని రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో, వెనక పదకొండుమంది బంధువులు. ఇది సంక్రాంతికి కాదు, ప్రళయకాలంలో పేజీ మొత్తం ఖాళీగా ఉన్నా పడదు.

రెండో జాతి కావాలంటే ఆత్రేయపురం వెళ్లి పొయ్యి దగ్గర కూర్చోవాలి. బోర్లించిన కుండ, కింద ఎండుటాకుల మంట. జారుగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగగానే క్షణంలో రేకు ఆరి పైకి లేస్తుంది. ఆ లాగే చెయ్యి ఎవరిది? రోజుకు ఎన్ని రేకులు తీస్తుంది? 2023లో ఈ మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆమె కూలి పెరిగిందా? ఇవి నోటులో ఉంటే సబ్ ఎడిటరు కుర్చీలో ముందుకు జరుగుతాడు. షాపు పేరు మూడో పేరాలో, ఫలానా చోట ఈ పని జరుగుతోంది అంటూ తనంతట తానే వస్తుంది. ఆఖరి ప్రశ్న మాత్రం యజమానులకు రుచించదని వ్యాఖ్యాత ఎరుగును. రుచించనివారు రేటు కార్డు చూసుకోవచ్చు.

విశేషం: నోటును కాగితం మీద ప్రింటు తీసి, దాన్ని ఫోనుతో ఫోటో కొట్టి పంపే ఆచారం ఒకటుంది. రాత్రి పేజీ మూసే వేళ దాన్ని మళ్లీ టైపు చెయ్యాలంటే ఎంత కల్పవృక్షమైనా ముళ్లచెట్టే. యూనికోడ్‌లో టైపు చేసిన అక్షరాలు పంపితే సగం పని అయినట్టే. బొమ్మను వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంటుగా పెట్టాలి, లేకపోతే అచ్చులో రేకుకూ గుడ్డకూ తేడా తెలియదు.

పండగపూట పత్రికకెక్కే ఈ విద్య మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం నాడు న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూ ఊరేగింపులో యువతుల చేత బాహాటంగా సిగరెట్లు కాల్పించి, దాన్ని స్త్రీ స్వేచ్ఛ పేరుతో పత్రికలకెక్కించినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్. వెనకనున్న సొమ్ము లక్కీ స్ట్రయిక్ అమ్మే అమెరికన్ టొబాకో కంపెనీది. ఆ ముక్క దాచిపెట్టాడు. పండగ రోజును ఎంచుకున్నందుకు కవి అతన్ని మెచ్చుకుంటాడేమో గాని, దాచినందుకు వ్యాఖ్యాత మెచ్చుకోడు.

శంక: ముఖ్యమంత్రే సంక్రాంతికి సొంతూరు నారావారిపల్లె వస్తే అక్కడి విలేకరికి తీరికెక్కడిది? సమాధానం: నిజమే, ఆ మండలానికి ఈ పద్యం వర్తించదు.

వ్యాకరణం: "యుండ" ద్రుతాంతం కనుక సరళాదేశం వచ్చి "బూతరేకైన" కావాలి. పత్రికలో పడాల్సిన మాట గదా అని కవి జంకి, సంధి మానేశాడు. క్షమించవచ్చు.

అలంకారం: అతిశయోక్తి అని పండితులు, స్వభావోక్తి అని డెస్కువారు.

ఈ పద్యం నమ్మి సరిగ్గా పండగ నాడే నోటు పంపబోయే వ్యాపారులకు ఒక మనవి. ఆ రోజు పత్రికా కార్యాలయాలకూ సెలవే, మర్నాడు పేపరు రాదు.