అమెరికా విమర్శకులకు రావివలస విన్నపం

మహారాజశ్రీ క్రిటిక్స్ చాయిస్ అసోసియేషన్ పెద్దల సముఖానికి, శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం రావివలస ప్రేక్షకులు రాసుకుంటున్న బహిరంగ లేఖ.



ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగా ఉండి, ఏడాది పొడుగునా సినిమాలు చూసి అలసిపోయి, చూసినవాటికే ఓటు వేస్తున్నారని తలుస్తాం.

ముందు మా ఊరి సంగతి. మా దేవుడు ఎండల మల్లికార్జునుడు. నెత్తిన పైకప్పు ఉండదు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడ్డ లింగం ఆయనది. కార్తీక సోమవారాల్లో జనం విరగబడతారు. దేవుడే నీడ వద్దన్న ఊరివాళ్లం కనుక మీ ఏసీ హాల్లో కుర్చీలూ ఎర్ర తివాచీలూ అడగబోవడం లేదు. మా కోరిక వేరే ఉంది.

2023 జనవరి 15 రాత్రి మీరు ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ను ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా, ‘నాటు నాటు’ను ఉత్తమ గీతంగా ఎన్నుకున్నారు. మాకు అప్పటికి తెల్లారి కనుమ. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు పోటీల్లోనూ ఆ సినిమాను నిలబెట్టారు. మా దేశం ఆస్కారు విదేశీ విభాగానికి అధికారికంగా పంపింది గుజరాతీ ‘ఛెల్లో షో’ని. ఇంటివాళ్లు పంపని పిల్లాడిని పొరుగువాళ్లు పిలిచి పీట వేశారు. సంతోషం, మీ రుణం ఉంచుకోం.

కానీ ఒక్క అనుమానం. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్‌లో దొరికింది ఆ సినిమా హిందీ రూపం. అంటే మీలో కొందరైనా తెలుగు సినిమాను హిందీలో చూసి, ఇంగ్లీషులో చదివి, తెలుగుకు ఓటేసి ఉంటారు. మాకు కోపమేమీ లేదు. మా మాట తెలుగు సినిమాలోనే విదేశీ భాష కాబట్టి ఇలాంటివి మాకు అలవాటే.

ఆశ్చర్యపోకండి. శ్రీకాకుళం యాస మాట్లాడేవాడు మా తెర మీద చాలాకాలం పాటు నవ్వించడానికే వచ్చేవాడు. పాలేరో, వంటవాడో, ఊరి వెర్రివాడో అయ్యుంటాడు. ‘ఏటి బాబూ’ అన్నాడంటే హాలు గొల్లుమనాలి. హీరో మా జిల్లా ఉద్దానం కొబ్బరితోటలో పుట్టినా సరే, నోరు తెరిస్తే కృష్ణా జిల్లా తెలుగే పలకాలి. మా జిల్లా నుంచి కూలికి వలసపోయినవాళ్లు ఊరు దాటగానే యాస దాచుకోవడం ఆ సినిమా హాల్లోనే నేర్చుకున్నారు.

2020 మార్చి 6న కరుణ కుమార్ ‘పలాస 1978’ వచ్చింది. దళితవాడలో పుట్టిన ఇద్దరు జానపద కళాకారులు, అన్నదమ్ములు, మా యాసలోనే పాడారు, ఏడ్చారు, తిరగబడ్డారు. ఎవరూ నవ్వలేదు. పట్టుమని మూడు వారాలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి హాళ్లకు తాళాలు పడ్డాయి. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మా జిల్లా మత్స్యకారుల కథతో 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ వచ్చింది. చిత్తూరు యాస పలికిన ‘పుష్ప’కు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. ‘బలగం’ తెలంగాణ మాటతోనే ఊరూరా ఏడిపించింది. యాసకు రోజులొచ్చాయి. దాన్ని తూచేవాళ్లే రాలేదు. ‘యాస భలే కుదిరింది’ అని రాసే విమర్శకుల్లో మా సంతలో బేరమాడినవాళ్లు ఎందరు?

తూచడం ఎలాగో తెలియాలంటే పలాసలో జీడిపప్పుకు గ్రేడు కట్టే ఆడవాళ్లను చూసి రండి. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. పౌనుకు సుమారు 320 గింజలు తూగేది ఒక రకం, 240 తూగేది అంతకంటే మేలు రకం. పప్పు ఏ తోటదో, తోట ఎవరిదో అడగరు. ప్రతి గింజా చేతిలోకి తీసుకుని చూస్తారు. బస్తా మీది బొమ్మ చూసి గ్రేడు కట్టేవాళ్లను సాయంత్రానికల్లా ఇంటికి పంపేస్తారు. అవార్డులకూ ఈ పద్ధతే న్యాయం అని మా మనవి.

కాబట్టి మా కోరికలు ఇవి.

ఒకటి: మీ సంఘంలో వందల మంది సభ్యులున్నారు. అందులో ఒక ఓటు మా జిల్లాకు ఇవ్వండి. మా అర్హత ఏటంటారా? మీకు ప్రివ్యూలు ఉచితం. మేం టికెట్టు కొని చూసి, బాగోలేకపోతే హాలు బయటే తీర్పు చెప్పేస్తాం.

రెండు: విదేశీ భాషా చిత్రానికి ఓటేసేవాళ్లు దాన్ని పుట్టిన భాషలోనే చూడాలని నియమం పెట్టండి.

మూడు: తగువు తెగకపోతే ఇద్దరికీ ఇచ్చే మీ ఆచారం మానకండి. 2019లో గ్లెన్ క్లోజ్‌కీ, లేడీ గాగాకీ ఉత్తమ నటి బహుమతి కలిపి ఇచ్చారు కదా. మా పంచాయితీ పెద్దలు కూడా మెచ్చుకునే తీర్పు అది.

ఇంటి సంగతి ఇంట్లో అడక్క సముద్రాలు దాటి మీకెందుకు రాస్తున్నారంటారేమో. 1964 నుంచి మాకూ నంది అవార్డులుండేవి. 2014, 2015, 2016 సినిమాల బహుమతులు 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు, దాని మీద పెద్ద రభస జరిగింది. ఆపైన ఏళ్ల తరబడి సినిమా నంది లేవలేదు. పక్క రాష్ట్రం తెలంగాణ గద్దర్ పేరిట అవార్డులు పెట్టి 2025 జూన్‌లో పంచేసింది. శివుడు ఎండలో నిలబడ్డ ఊరు మాది. ఆయన నంది ఏ నీడన పడుకుందో అమరావతి పెద్దలే చెప్పాలి.

మీ మాటకు మావాళ్లు విలువిస్తారు కాబట్టి ఒక్క ముక్క వాళ్లకూ రాయండి. నందిని లేపమనండి. లేపినప్పుడు జ్యూరీలో ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ప్రతి యాసకూ ఒక మనిషిని కూర్చోబెట్టమనండి. మాట తెలియనివాడు ఇచ్చిన మార్కు, మంచిదైనా చెడ్డదైనా, మాకు అక్కర్లేదు.

ఇట్లు,
టికెట్టు కొని చూసే విమర్శకులు,
రావివలస.