గేటు దాటని ధర

కారు ధర ఆన్‌లైన్‌లో చూసి మురిసినవాడు షోరూముకెళ్లి ఆన్‌రోడ్ కొటేషన్ చూసి మూర్ఛపోతున్నాడు.

ఫోన్‌లో కనిపించేది ఎక్స్‌షోరూం ధర. ఆ రేటుకు కారు షోరూములోనే ఉంటుంది. మనం రోజూ వెళ్లి చూసి రావచ్చు.

రోడ్డెక్కాలంటే లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా, ఫాస్టాగ్. 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ పన్ను. సరే, చట్టం. నోరెత్తలేం.

ఆ కింద ‘హ్యాండ్లింగ్ చార్జీలు’. కారునెవరు హ్యాండిల్ చేశారో తెలీదు. మనల్ని మాత్రం బాగానే చేశారు.

దాని కింద ‘ఎసెన్షియల్ కిట్’. రెండు మ్యాట్లు, ఓ కీచైను. అవి లేకపోతే ఇంజిను స్టార్టవదేమో!

బీమా బయట తీసుకుంటానంటే చట్టం సరేనంటుంది. సేల్స్ మేనేజరే ససేమిరా అంటాడు.

‘భారీ ఆఫర్’ అందరికీ ఉంది. పాత కారు అదే కంపెనీదై ఉండాలి. ఉద్యోగం వాళ్ల జాబితాలోని సంస్థలో ఉండాలి. రంగు ఎవరూ కొననిదై ఉండాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, మీరూ కాస్త దిగండి అంటే, ‘సర్కారే దిగాక ఇంక మేమెందుకు సార్?’

ఇక బేరం. మేనేజరు అద్దాల గదిలోకెళ్లి ‘పైవాళ్లతో’ మాట్లాడతాడు. లోపల పైవాళ్లెవరూ ఉండరు, ఏసీ ఉంటుంది. చెమట తుడుచుకుంటూ వచ్చి శుభవార్త చెబుతాడు:

‘‘మీకోసం డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు ఫ్రీ సార్!’’

విఘ్నాలకు మాత్రం విడిగా బిల్లు.