కొండకు సెలవు చీటీ

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ యాత్రకు సన్నాహం సాధారణంగా కొత్త బూట్లతో మొదలవుతుంది. వాటితో వీధి చివరిదాకా నడిచి చూడటం మాత్రం సన్నాహంలో ఉండదు. తర్వాత సెలవుల లెక్క. విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా నుంచి వెళ్లి రావడానికి దాదాపు 12 రోజులు పడుతుంది. ఆఫీసు ఇచ్చేది తొమ్మిది. మిగతా మూడూ కొండే సర్దుకోవాలని యాత్రికుడి ఆశ.

ముందుగా కోత పడేది విశ్రాంతి రోజులకే. 3,440 మీటర్ల ఎత్తున్న నామ్చే బజార్‌లో ఒక రోజు ఆగమంటే, ఊరికే కూర్చోవడానికా అంత డబ్బు పోసింది అనిపిస్తుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల మాట. పలుచని గాలికి అలవాటు పడటంలో రక్తానికి తత్కాల్ కోటా లేదు మరి. తలనొప్పి, వాంతులు ముదిరితే కిందికి దిగడమే మందు. జిమ్‌లో కండలు పెంచినవాడికీ ఇందులో మినహాయింపు లేదు.

లుక్లా విమానంలో మనిషికి సుమారు 15 కిలోల సామానే. ఆవకాయ సీసా, పవర్‌బ్యాంకులు, ఫొటో కోసం చుట్టిపెట్టిన బ్యానరు పోగా చలికోటుకు చోటు మిగలదు. మబ్బు కమ్మితే అక్కడి 527 మీటర్ల రన్‌వే మీద విమానం వాలదు. తిరుగు టికెట్టు మాత్రం ఆ మర్నాటికే తీసి ఉంటుంది.

ఇన్నీ దాటి 5,364 మీటర్లకు చేరితే, అక్కణ్నుంచి ఎవరెస్ట్ శిఖరం కనపడదు. అది చూడాలంటే పక్కనున్న కాలాపత్థర్ ఎక్కాలి. ఆ రోజును సెలవుల్లోంచి ఎప్పుడో కోసేశారు.