లాకులు పాత కాలవకే!

మా కంప్యూటర్ స్విచ్ వేసి, డికాషన్ దింపి, పాలు కాచి, కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్నా విండోస్ బొమ్మ కింద చుక్కలు గిర్రున తిరుగుతూనే ఉండేవి. బెజవాడలో శుభలేఖలకి డీటీపీ చేసుకునేవాణ్ణి. ప్రూఫ్ చూసుకోడానికొచ్చిన గుడివాడ పెద్దాయన ఒకరు, "ముహూర్తం దాటిపోదు కదండీ?" అన్నారు.

పౌరుషం పొడుచుకొచ్చి గవర్నర్‌పేట వెళ్ళి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. అందులో తిరిగేదేమీ ఉండదు. పాత హార్డ్‌డిస్క్‌లో పళ్ళేలు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాయి. అంత తిరిగీ ఆలస్యంగా వచ్చేవాడు మా పేటలో ఇంకొకడున్నాడు, పేరు చెప్పను.

విండోస్ కొత్తగా ఎక్కించమన్నాడు షాపతను. పేజ్‌మేకరూ అను ఫాంట్లూ మళ్ళీ ఎక్కించే ధైర్యం నాకు లేదు. కరెంటు పోకూడదని దుర్గమ్మకి దండం పెట్టుకుని, పాతదంతా వినాయకుడి బొమ్మలతో సహా కొత్తదానిలోకి క్లోన్ చేశాను.

"ఇప్పుడు చూడు" అని మా ఆవిడని పిలిచాను. చుక్కలు తిరిగాయి. ఆవిడ వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది. "కాఫీకి టైము సరిపోయిందండీ" అంది. నేను మాత్రం రెండ్రోజులపాటు కనబడినవాడికల్లా "తేడా తెలుస్తోంది" అని చెప్పుకున్నాను.

బందరు నుంచి మేనల్లుడొచ్చాడు. సీ డ్రైవ్ చూస్తే 465 జీబీ. నా పాత డిస్క్ 500 జీబీది. విండోస్ లెక్కలో అంతే కనబడుతుంది. కొత్తది ఖాళీగా కూర్చుని ఉంది.

"కొత్త కాలవ తవ్వావు గానీ మావయ్యా, లాకులు పాతదానికే తెరిచి ఉంచావు" అన్నాడు.

బెజవాడ వాడికి ఇంతకన్నా ఏం చెప్పాలి! 1855లో ఆనకట్ట పూర్తయిన నాడైనా, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకైనా ఒకటే సంగతి. బందరు కాలవైనా, ఏలూరు కాలవైనా, రైవస్ కాలవైనా తలుపెత్తితేనే నీళ్ళు. కంప్యూటర్‌లో ఆ తలుపులెత్తేది బయోస్. విండోస్ కంటే ముందు లేచి, ఏ డిస్క్‌ని ముందు పిలవాలో తన చీటీ చూసుకుంటుంది.

వాడు స్విచ్ వేస్తూనే డిలీట్ మీట టకటకా కొట్టాడు. శుభలేఖలన్నీ పోయాయని నా గుండె జారింది. బయోస్‌లోకి వెళ్ళే దారి అదేనట. చీటీలో మొదట పాత డిస్క్, రెండోది ఎస్‌ఎస్‌డీ, మూడోది డీవీడీ డ్రైవ్. దాన్ని ముట్టుకుని ఆరేళ్ళయింది. పెళ్ళి బంతిలో దూరపు చుట్టంలా వరసలో మాత్రం ఉంది. ఎస్‌ఎస్‌డీని పైకి ఎక్కించి, ఎఫ్10 నొక్కి, పాతదాని కేబుల్ పీకేశాడు. రెండింటికీ ఒకే సంతకం, విండోస్ తికమకపడుతుందన్నాడు.

పాలు పొయ్యి మీద పెట్టేలోపే లేచింది.

గుడివాడ పెద్దాయనా, ఇది చదువుతుంటే ఒక్కసారి షాపుకి రండి. ఆ రెండ్రోజుల్లో వరుడి ఇంటిపేరు దిద్దింది పాత డిస్క్‌లో. ప్రింటయినవి కొత్త డిస్క్‌లోవి.