భయమెయ్యలేదట!

హారర్ సినిమాల మీద మనవాళ్ల విమర్శలన్నీ కలిపి పిండితే చివరికి రాలేది ఒకటే చుక్క: "ఏమోనండీ, నాకైతే భయమెయ్యలేదు." ఆ మాట అనేటప్పుడు ఆయనగారి మొహం చూడాలి. దెయ్యంతో గోదాలోకి దిగి, దాని వీపు నేలకు ఆనించి, ఇప్పుడే దుమ్ము దులుపుకుని వచ్చినంత దర్జా. ఎక్కడ చూశారు సార్ అని అడగండి. "ఇంట్లోనే." ఎప్పుడు? "మొన్న ఆదివారం, భోంచేశాక."

అదీ సంగతి. మిట్టమధ్యాహ్నం, కిటికీ తలుపులు బార్లా తీసి, కోడికూరతో సుష్ఠుగా లాగించి, టీపాయ్ మీద కాళ్లు చాపుకుని చూశాడు. భయం వేయలేదట. ఎందుకేస్తుంది? నిద్రొస్తుంది. వచ్చింది కూడా. గురక మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా తెర మీద ఎవరో అరుస్తున్నారు, మళ్లీ పడుకున్నాడు. లేచి, మొహం కడుక్కుని, అయిదుకి ఒకటిన్నర మార్కులు వేశాడు.

ఈ భూమ్మీద దెయ్యాలకు వకీళ్లు లేరు. హారర్ పిచ్చి ఉన్నవాడిగా ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

మా బావగారు 'మసూద' చూసిన వైనం చెబుతాను. 2022లో వచ్చిన ఆ సినిమాకి తొందర లేదు. కూతురితో ఒంటరిగా బతుకుతున్న ఓ టీచరమ్మ, పక్కింట్లో ఓ పిరికి కుర్రాడు. దర్శకుడు సాయికిరణ్ ముందు ఆ మనుషుల్ని మనకు అలవాటు చేస్తాడు, ఆ తర్వాతే ఆ కూతురికి దెయ్యం పట్టిస్తాడు. అలవాటు కావడానికి బావగారికి తీరిక లేదు. తెర మీద రెండుసార్లు తడితే సినిమా పది సెకన్లు ముందుకు దూకుతుందని ఆయన కనిపెట్టి చాలాకాలమైంది. టీచరమ్మ కష్టాలు ఒక దూకు, కుర్రాడి పిరికితనం ఒక దూకు. అంతలో "ఈవిడ సంగీత కదూ, ఖడ్గంలో చేసిందే!" అని ఫోన్ తీశారు. ఖడ్గం నుంచి కృష్ణవంశీ దగ్గరికి, కృష్ణవంశీ నుంచి ఇంకెక్కడికో వెళ్లి, చుట్టాలందరినీ పలకరించి తలెత్తేసరికి తెర మీద పిల్ల మెడ తిరిగిపోయి ఉంది.

"ఇదేంట్రా, దీనికెప్పుడు పట్టింది?"

"ఇందాకే బావగారూ. మీరు ఖడ్గం ఏ సంవత్సరమో చూస్తున్నప్పుడు."

"అబ్బే, ఏం లేదురా ఇందులో."

1960లో 'సైకో' విడుదల చేస్తూ హిచ్‌కాక్ ఓ షరతు పెట్టాడు: ఆట మొదలయ్యాక ఎంతటివాడొచ్చినా హాల్లోకి రానివ్వకూడదు. థియేటర్ల ముందు బోర్డులు కూడా పెట్టించాడు. కథానాయిక అనుకున్న మనిషి సగం కాకుండానే స్నానాలగదిలో హతమైపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆమె ఎప్పుడొస్తుందా అని చివరిదాకా కాసుకుని కూర్చుంటాడని ఆయన బెంగ. ఆ మహానుభావుణ్ణి ఓసారి మన ఇంటి హాల్లో కూర్చోబెట్టాలి. కొరియర్ కుర్రాడొస్తాడు, ఓటీపీ చెప్పాలి. పక్కింటి పిన్నిగారొస్తారు, "ఇప్పటిదాకా ఏమైందే?" అని సోఫాలో సర్దుకుంటారు. ఆవిడకు జరిగిన కథ చెబుతూంటే జరగాల్సిన కథ జరిగిపోతుంది. ఈలోగా ప్రతి ఇంట్లోనూ ఉండే సర్వజ్ఞుడు, సరిగ్గా కత్తి దిగే క్షణాన నోరు విప్పుతాడు: "అది నెత్తురు కాదు, చాక్లెట్ సిరప్పు. బ్లాక్ అండ్ వైట్‌లో తెలీదని వాడారు." నిజమే బాబూ. కాసేపు నెత్తురనుకోనిస్తే నీ సొమ్మేం పోయింది?

వెలుతురు సంగతికొద్దాం. 'తుంబాడ్' అంతా వాన, బురద, చీకటి. ఏళ్ల తరబడి వానాకాలాల కోసం కాసుకుని తీశారు. పాడుబడ్డ మేడ అడుగున, భూమి కడుపులో హస్తర్ ఆకలితో కూర్చుని ఉంటాడు. పైన ట్యూబ్‌లైటు వెలుగుతుండగా దాన్ని టీవీలో చూస్తే ఏం కనబడుతుందో తెలుసా? ట్యూబ్‌లైటు. దాని పక్కన సీలింగ్ ఫ్యాను, ఆరేసిన తువ్వాలు, వరసగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న మన కుటుంబం. లైటు తీసేద్దామంటే "వద్దురా, పిల్లలు జడుసుకుంటారు" అంటారు. జడుసుకోవడానికి కాకపోతే ఎందుకు పెట్టినట్టు? 2018లో హాళ్లలో పెద్దగా ఆడని ఆ సినిమాని 2024లో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారికి మించి వసూలు చేసింది. ఇంట్లో చూసి ఊరుకున్నవాళ్లలో ఎందరో, ఇన్నాళ్లూ తాము చూసింది తమ ప్రతిబింబాన్నేనని అప్పుడు గ్రహించి ఉంటారు.

శబ్దానిది ఇంకో నరకం. మన టీవీల స్పీకర్లు వెనకవైపు ఉంటాయి, గోడకి చెబుతాయి కథంతా. మాటలు వినబడక వాల్యూమ్ పెంచుతాం. పెంచీ పెంచగానే దెయ్యం దూకుతుంది, ఇల్లు అదిరిపోతుంది, పడుకున్న చంటిపిల్ల లేస్తుంది. రిమోట్ మీద పడి తగ్గిస్తాం. మళ్లీ గుసగుసలు, మళ్లీ పెంచడం. ఈ వ్యాయామంలో భయపడటం ఎవరికి కుదురుతుంది? అసలీ ఉలికిపాటు చిట్కా 1942 నాటి 'క్యాట్ పీపుల్'ది. రాత్రివేళ ఒంటరిగా నడుస్తున్న ఆడమనిషి, వెనక అడుగుల చప్పుడు, ఆ చప్పుడూ ఆగిపోవడం. మృగం మీదపడుతుందని మనం బిగుసుకుపోతే, బుస్సుమని వచ్చి ఆగేది బస్సు. అంతే. మృగాన్ని చూపించలేదు. మనవాళ్లు ఆ నిశ్శబ్దాన్ని వదిలేసి బస్సును మాత్రం పట్టుకున్నారు. ఇప్పుడు తలుపు తీసినా బస్సే, పిల్లి దూకినా బస్సే, వంటింట్లో గిన్నె పడినా బస్సే. సినిమా చూసినట్టుండదు, హైవే పక్కన మంచం వేసుకుని పడుకున్నట్టుంటుంది.

ఇంట్లో చూసేవాడి గుండెకి గురిపెట్టి తీసినవీ లేకపోలేదు. 1998లో హిడియో నకాటా తీసిన 'రింగు'లో, చూసినవాడు ఏడు రోజుల్లో చచ్చే వీడియో టేపొకటి ఉంటుంది. బావిలోంచి పైకొచ్చిన సదాకో అక్కడితో ఆగక టీవీ అద్దంలోంచి పాక్కుంటూ గదిలోకే వచ్చేస్తుంది. హాల్లో చూస్తే అది సినిమా, ఇంట్లో చూస్తే బెదిరింపు. ఈ రోజుల్లో పాపం ఆ పిల్ల ఏం చేయగలదు? మెట్రో రైల్లో ఫోన్ పెట్టుకుని చూసేవాడి కోసం వస్తే, ఆరంగుళాల తెరలోంచి చిటికెనవేలు తప్ప ఏం పడుతుంది? దాన్నీ నోటిఫికేషన్ అనుకుని పక్కకి తోసేస్తాడు. 2009లో విక్రమ్ కుమార్ తీసిన '13బి'లో కొత్త ఫ్లాట్‌లోకి దిగిన కుటుంబం ఓ సీరియల్ మొదలెడుతుంది. అందులో అచ్చంగా ఆ ఇంటి సంగతులే జరుగుతుంటాయి. గొప్ప ఊహ. ఇవాళ మనింట్లో అలా జరిగినా మనకి తెలిసే దారి లేదు. సీరియల్ దాని మానాన అది నడుస్తూంటుంది, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూంటాం.

రాంగోపాల్ వర్మ సినిమాల్లోకి రాకముందు అమీర్‌పేటలో క్యాసెట్లు అద్దెకిచ్చే వీడియో షాపు నడిపాడు. అంటే ఇంట్లో కూర్చుని చూసే జనం ఎలాంటివాళ్లో కౌంటరు వెనకనుంచి చదివినవాడు. 1992లో 'రాత్రి' తీశాడు. అందులో చచ్చిపోతే పూడ్చిపెట్టిన పిల్లిపిల్ల మళ్లీ ఇంట్లో తిరుగుతూ కనబడుతుంది. దానికి కోరల్లేవు, ఎర్రకళ్లు లేవు, నేపథ్యంలో సంస్కృత శ్లోకాల్లేవు. మామూలు పిల్లిపిల్ల. పూడ్చిన సంగతి నీకు తెలుసు, అదే దాని మేకప్. ఆ సినిమా భయం సగం రేవతి మొహంలో ఉంటుంది, మిగతా సగం ఇంట్లో తనంతట తాను తచ్చాడే కెమెరాలో ఉంటుంది. ఆ తర్వాత ఆయన తీసిన దెయ్యాల సినిమాలు చూసి కూడా నేను భయపడ్డాను, కాకపోతే నిర్మాతల తరఫున.

అంతకుముందు తరానికి తెర కూడా అక్కర్లేకపోయింది. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తూంటే, ఈ వారం భయాన్ని వచ్చేవారం దాకా మోసుకు తిరిగారు జనం. ఇప్పుడు పది సెకన్లు మోయలేం.

మోయలేని ప్రేక్షకుడికి తగ్గ దెయ్యాన్నే పరిశ్రమ కూడా తయారుచేసి పెట్టింది. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' నవ్వించింది, డబ్బులు తెచ్చింది. దాని తప్పేమీ లేదు. దాని వెనక వచ్చిన మందది తప్పు. ఒక బంగళా, నలుగురు కమెడియన్లు, ఒక తెల్లచీర, ఒక పొగమిషను. దెయ్యం లెంపకాయ కొడుతుంది, కమెడియన్ గోడకి అతుక్కుంటాడు, ఇంటర్వెల్. జీవితమంతా జుట్టు విరబోసుకుని సాధన చేసిన దెయ్యానికి చివరికి దక్కిన ఉద్యోగం ఇది. 'ఆనందో బ్రహ్మ' ఒక్కటి తిరగేసి ఆలోచించింది: అందులో మనుషుల్ని చూసి దెయ్యాలే జడుసుకుంటాయి. నా లెక్కలో అది వాస్తవిక చిత్రం.

నవ్వించని దెయ్యమంటూ ఉంటే అది కక్షిదారు. 'ముని' నుంచి 'కాంచన' దాకా లారెన్స్ సినిమాల్లో ఆత్మలు పాపం మంచివి. స్థలం దగ్గరో సొమ్ము దగ్గరో ఎవడో పెద్దమనిషి మోసం చేసి చంపేసి ఉంటాడు. కోర్టులో తేలనిది హీరో ఒంట్లోకి దూరి తేల్చుకుంటాయి. మన తహసీల్దారు ఆఫీసులు సవ్యంగా పనిచేసిన రోజున తెలుగు, తమిళ హారర్ సినిమాలు సగానికి సగం ఆగిపోతాయి. 'చంద్రముఖి'కైతే ఏకంగా అమెరికా నుంచి సైకియాట్రిస్టు దిగి, నీది దెయ్యం కాదమ్మా రోగమని తేల్చి పంపేశాడు.

'అరుంధతి' మీద ఈగ వాలనివ్వను. 2009 నాటి ఆ సినిమాలో కోడి రామకృష్ణ సమాధి కట్టించి, లోపల పశుపతిని పెట్టి, భయమంతా రవిశంకర్ గొంతులో పోశాడు. టీవీవాళ్లు దానికి ఏం చేశారంటే, సమాధి బీటలు వారగానే బట్టలసబ్బు ప్రకటన వేశారు. పశుపతి లేవబోతాడు, చిటికెలో మరకలు పోతాయి. మళ్లీ లేవబోతాడు, బంగారం మీద అప్పిస్తారు. ఏళ్ల తరబడి పండక్కీ పబ్బానికీ ఇదే చూసి చూసి, ఆ "బొమ్మాళీ" అన్న కేకని మనం చంటిపిల్లల్ని ఆడించడానికి వాడుకున్నాం. ఫోనుకి రింగ్‌టోన్ పెట్టుకున్నాం. ఇంత చేసి, భయమెయ్యడం లేదంటాం.

ఓటీటీలో ప్రకటనల బెడద తగ్గిందని సంతోషించబోతే సర్కారువారు అందుకున్నారు. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీలో కూడా తెర మీద పొగాకు కనబడితే హెచ్చరిక పడాల్సిందే. శ్మశానంలో మంత్రగాడు కూర్చున్నాడు. చుట్టూ పుర్రెలు, ఎదురుగా కత్తి, కట్టేసి ఉన్న మనిషి. మంత్రగాడు తాపీగా చుట్ట వెలిగిస్తాడు. కింద మూల అక్షరాలు ప్రత్యక్షం: ఇది ఆరోగ్యానికి మంచిది కాదు. నరబలి గురించి ఒక్క ముక్క లేదు. ఆ పక్కనే సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే "దూరంగా ఎవరిదో ఏడుపు" అని ముందు పడుతుంది, ఏడుపు తర్వాత వినబడుతుంది. భయాన్ని మినిట్స్ రాసి సంతకం పెట్టి ఇస్తారు.

నాకు వీళ్లందరి మీదా ఉన్న అసలు కోపానికి కారణం 'భూతకాలం'. 2022లో హాళ్లకు పోకుండా నేరుగా ఓటీటీకి వచ్చిన మలయాళం సినిమా. రాహుల్ సదాశివన్ దర్శకుడు. అద్దె ఇంట్లో ఉద్యోగం లేని కొడుకు, మనసు బాగాలేని తల్లి. మంచాన ఉన్న అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఏవో చప్పుళ్లు. కొడుకు మాట ఎవరూ నమ్మరు, వాడి తాగుడు వల్లనో మందుల వల్లనో అనుకుంటారు. తల్లి వేషంలో రేవతి. 'రాత్రి'లో దెయ్యం పట్టిన పిల్ల ముప్పయ్యేళ్లకి అమ్మ అయి మళ్లీ ఓ చెడ్డ ఇంట్లోకి వచ్చింది. దానికే ఆమెకు కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఇల్లే భయమైన కథని ఇంట్లోనే చూడాలి, హాల్లో చూస్తే సినిమా అయ్యాక ఇల్లు వేరే ఉంటుంది. ఇక్కడ టీవీ కట్టేశాక నువ్వున్నదీ అలాంటి గదిలోనే, అలాంటి బీరువా పక్కనే.

ఎంతో ముచ్చటపడి బావగారికి చూడమన్నాను. చూశారు. "స్లోగా ఉందిరా. దెయ్యాన్ని సరిగ్గా చూపించలేదు. ఆ తల్లీకొడుకులు మాట్లాడుకోరేంటి అసలు?" అన్నారు, పక్కనున్న కొడుకు వంక చూడకుండా. వాడు కూడా ఫోన్లోంచి తలెత్తలేదు.

ఆయనకి నిజంగానే భయం లేదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. రాత్రి పదకొండింటికి కరెంటు పోయి వచ్చాక, మోటారు ఆపడానికి మెట్ల కిందికి ఒక్కరే వెళ్లారు. లైటు వేసుకోలేదు, వెనక్కి చూసుకోలేదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఫోన్లో ఐపీఎల్ ముఖ్యాంశాలు నడుస్తూనే ఉన్నాయి. ఆ మెట్ల కింద ఎవరైనా నిలబడి ఉంటే మాత్రం ఎంతసేపని నిలబడతారు? వాళ్లకీ కాళ్ల నొప్పులుంటాయి.