నోటీసులో కరిగిన లవణాలు

నీళ్లూ కరెంటూ చాలడం లేదు, మే నెలంతా హాస్టళ్లు మూత అంటూ 2024లో ఉస్మానియా యూనివర్సిటీలో వచ్చిన నోటీసు సంగతి మీకు తెలిసిందే. ఒక పార్టీ దాన్ని చూపిస్తే, ఇంకో పార్టీ అంతకు ముందు ఏడాది నోటీసు తీసింది. నాది అసలుది, నీది దొంగది అని తగువు. చీఫ్ వార్డెన్‌కు సంజాయిషీ నోటీసు. ఫోర్జరీ కేసులో ప్రతిపక్ష నాయకుడొకరు మా చౌటుప్పల్ పక్కన పంతంగి టోల్‌గేటు దగ్గర అరెస్టు.

మోత్కూరులో కూర్చున్న నాకు తట్టిన సలహా ఒకటే. నీళ్ల సంగతి ఎట్లాగూ ఎవరికీ పట్టలేదు కాబట్టి నోటీసునే సీసాలో పోసి ల్యాబుకు పంపాలి. తాగునీటికి ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉండనే ఉంది.

రంగు చూస్తే కాగితం తెలుపే గానీ పట్టుకున్న చేతిని బట్టి గులాబీకో మూడు రంగులకో తిరుగుతోంది. వాసన ఎన్నికలది, మే 13 పోలింగు దాటితే పోయేదే. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుంటే మేలట. ఇందులో సంతకం, స్టాంపు, తేదీ అన్నీ పైకి తేలుతున్నాయే తప్ప ఒక్కటీ కరగడం లేదు. కాఠిన్యం అడగొద్దు, ఐపీసీ సెక్షన్లు కలిశాక సబ్బు నురగ కూడా రాదు.

పరీక్ష పాసైతే మెస్సుకు రెండు నల్లాలు పెట్టొచ్చు, ఒకదాంట్లో అసలు నోటీసు, రెండోదాంట్లో నకిలీ. రెండూ నమ్మనివాళ్లకు వడగట్టిన నోటీసు ఇరవై లీటర్ల క్యానులో, చల్లగా. గ్రూప్-1 ప్రిలిమ్స్‌కు చదివే పిల్లలు పూటకో జీవో, పడుకునే ముందు ఒక సర్క్యులర్ తాగితే వడదెబ్బ తగలదు.

కాగితంతో దాహం తీర్చడం ఉమ్మడి నల్లగొండకు కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి జనం పోటీకి దిగితే అభ్యర్థులు 480 మంది తేలారు, బ్యాలెట్ పుస్తకమైంది. 2020లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కృష్ణా నీళ్లొచ్చాయి, కాదనను. కానీ శివన్నగూడెం ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామి ఆ సున్నా తర్వాత కూడా రెండేళ్లకు పైగా అవే వంకర ఎముకలతో బతికి, 2023 జనవరిలో పోయాడు. ఎముకలకు సవరణ నోటీసు ఉండదు.

వెటకారం చాలు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉందా అని చూడ్డానికి కొన్ని చుక్కల మందు చాలు, ఉంటే నీళ్లు పసుప్పచ్చగా తిరుగుతాయి. ఊరి పంచాయతీలో వాటర్‌మ్యాన్ చేసే పని అది. అది వదిలేసి, ఒక కాగితం నిజమా కాదా తేల్చడానికి సర్కారు, పోలీసులు, రెండు పార్టీలు, యూనివర్సిటీ కదిలాయి. వేలమంది పిల్లలుండే చోట నీళ్లు లేవన్న మాట పుట్టినందుకే సిగ్గుపడాల్సినవాళ్లు, అది రాసిన కాగితం కోసం బజార్లో కొట్టుకుంటారా? ట్యాంకులు ఎప్పుడు కడిగారు? పరీక్ష రిపోర్టు ఏ మెస్సు గోడకు అంటించారు? మోత్కూరు, గుండాల నుంచి కూలి డబ్బులతో పిల్లల్ని పంపినవాళ్లకు ముందు ఆ జవాబు చెప్పి, ఆ తర్వాత ఎవర్ని పట్టుకుంటారో పట్టుకోండి.